సొంత డొమైన్ మీద ఈమెయిల్: ఎనిమిది చిరునామాలకు ఏడాదికి ఎంత ఖర్చవుతుంది, హద్దులు ఎక్కడున్నాయి?

కొత్తవాడ జంపఖానా — ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేయించి దేశంలోని దుకాణాలకూ, కొంతమేరకు విదేశాలకూ పంపే ఒక చిన్న ఉత్పత్తి కేంద్రంలో నేను లెక్కలు, ఉత్తరప్రత్యుత్తరాలు చూస్తాను. ఇంతవరకు మా పని అంతా ఒక ఉచిత జీమెయిల్ చిరునామాతోనే సాగింది. ఇప్పుడు మాకు సొంతంగా ఒక డాట్ ఇన్ డొమైన్, చిన్న వెబ్‌సైట్ ఉన్నాయి. విదేశీ కొనుగోలుదారులు, ముఖ్యంగా కొత్తగా పరిచయమైనవారు, ఇన్‌వాయిస్ మీద ఉన్న సంస్థ పేరుకూ ఈమెయిల్ చిరునామాకూ పొంతన ఉండాలని అడుగుతున్నారు. డబ్బు ముందుగా పంపేవారు ఆమాత్రం భరోసా కోరుకోవడం న్యాయమే.

మాకు కావలసిన చిరునామాలు ఎనిమిది: ఆర్డర్లు, లెక్కలు, డిజైన్లు, ఎగుమతి, సమాచారం, ఉద్యోగాలు అనే ఆరు, మా కేంద్రం నడిపే పెద్దాయన పేరు మీద ఒకటి, నా పేరు మీద ఒకటి. వీటిని చూసుకునే మనుషులం మాత్రం ముగ్గురమే. వెబ్‌సైట్ హోస్టింగ్ తీసుకున్నప్పుడు ఈమెయిళ్లు ఎన్నయినా ఉచితమే అన్నారు. కానీ అక్కడి నుంచి పంపిన కొటేషన్లు కొనుగోలుదారుల స్పామ్ ఫోల్డర్లోకి పోతున్నాయి, కొన్నిసార్లు అసలు చేరడమే లేదు.

నాకు స్పష్టత కావలసిన విషయాలు ఇవి. మనిషికి ఇంత అని ధర చెప్పే సేవల్లో ఎనిమిది చిరునామాలకు ఎనిమిది ధరలు కట్టాలా? ఐదుగురి వరకు ఉచితమని చెప్పే జోహో సంస్థ ఈమెయిల్ పథకం మాకు సరిపోతుందా, అందులో పైకి కనిపించని హద్దులు ఏమిటి? మా డిజైన్ల ఫోటోలు చాలా పెద్దవి కాబట్టి, ఎంత పెద్ద ఫైలు జతచేయవచ్చు, రోజుకు ఎన్ని మెయిళ్లు పంపవచ్చు అన్నది కూడా తెలియాలి. ఏడాదికి ఎంత పక్కన పెట్టాలో జీఎస్‌టీతో సహా లెక్క చూపిస్తే తప్ప మా పెద్దాయన సంతకం పెట్టరు.


కాజీపేట జంక్షన్ — జవాబు

అక్కా, నమస్తే. మీరు చిరునామాలు ఎనిమిది, మనుషులు ముగ్గురు అని విడదీసి రాయడం చాలా మంచిదైంది, ఎందుకంటే మీ ఖర్చు మొత్తం ఆ తేడా మీదే ఆధారపడి ఉంటుంది. ఈ సేవలు డబ్బు తీసుకునేది మెయిల్‌బాక్సుకే గాని చిరునామాకు కాదు. మెయిల్‌బాక్సు అంటే ఒక లాగిన్, ఒక పాస్‌వర్డ్, వాటి వెనుక కొంత నిల్వ స్థలం. ఆ ఒక్క మెయిల్‌బాక్సుకే అదనపు చిరునామాలను అలియాసులుగా జోడించుకోవచ్చు. వాటికి వచ్చిన ఉత్తరాలన్నీ అదే పెట్టెలోకి వస్తాయి, జవాబు పంపేటప్పుడు ఏ చిరునామా నుంచి వెళ్లాలో మనం ఎంచుకోవచ్చు. గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఒక్కో వినియోగదారుకు 30 అలియాసుల వరకు అదనపు రుసుము లేకుండా ఇస్తారు. మైక్రోసాఫ్ట్ 365లో షేర్డ్ మెయిల్‌బాక్స్ అనే సదుపాయం ఉంది. దానికి వేరే లైసెన్సు అక్కర లేకుండా 50 జీబీ వరకు స్థలం వస్తుంది, లైసెన్సు ఉన్న ఇద్దరు ముగ్గురు తమ తమ లాగిన్లతోనే దాన్ని తెరిచి చూడవచ్చు. మీ 'ఆర్డర్లు' చిరునామాను ఇద్దరు చూడవలసి వస్తే, పాస్‌వర్డ్ పంచుకోవడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. గూగుల్‌లో అదే పనికి గ్రూప్ చిరునామా పెట్టుకుంటారు, దానికీ వేరే డబ్బు లేదు.

ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి లెక్క ఎలా వేయాలో చూపిస్తాను. మెయిల్‌బాక్సు ధర నెలకు 150 రూపాయలు అనుకుందాం. ఎనిమిది మెయిల్‌బాక్సులు కొంటే ఏడాదికి 14,400 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్‌టీ 2,592 కలిపితే 16,992 అవుతుంది. ముగ్గురికే కొని మిగిలిన చిరునామాలను అలియాసులుగా, గ్రూపులుగా పెడితే 5,400కు 972 జీఎస్‌టీ కలిపి 6,372. అంటే చిరునామా ఒక్కటి కూడా తగ్గించకుండానే 10,620 రూపాయలు మిగులుతాయి. మీరు ఎంచుకున్న సేవ ధర తెలిసిన తర్వాత ఆ 150 స్థానంలో దాన్ని పెట్టి చూసుకోండి.

ఇక ఏ సేవలో ఏముందో చెబుతాను. గూగుల్ వర్క్‌స్పేస్‌లో అన్నిటికంటే చిన్న పథకమైన బిజినెస్ స్టార్టర్‌లో మనిషికి 30 జీబీ లెక్కన స్థలం వస్తుంది. దాని పైపథకంలో అది ఒక్కసారిగా 2 టీబీకి పెరుగుతుంది, ధర కూడా అలాగే పెరుగుతుంది. 2025లో జెమిని కృత్రిమ మేధ సదుపాయాలను పథకాల్లోనే కలిపి ధరలు పెంచారు. స్టార్టర్‌కు అమెరికాలో ఏడాది ఒప్పందం మీద నెలకు 7 డాలర్లు, ఒప్పందం లేకుండా నెలనెలా కడితే 8 డాలర్ల 40 సెంట్లు అయ్యాయి. మన దేశంలో రూపాయల ధర ఇంతకంటే చాలా తక్కువే గాని, ఏడాది ఒప్పందానికీ నెలవారీకీ మధ్య తేడా ఇక్కడా ఉంటుంది. మైక్రోసాఫ్ట్‌లో ఈమెయిల్ మాత్రమే చాలు అనుకునేవారికి ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్ ప్లాన్ 1 అనేది ఉంది, అందులో మెయిల్‌బాక్సుకు 50 జీబీ ఇస్తారు. దాని గురించి చాలామందికి తెలియదు, ఎందుకంటే అమ్మేవారు ముందుగా వర్డు, ఎక్సెల్ కలిసిన పెద్ద పథకాలే చూపిస్తారు.

మీరు అడిగిన జోహో ఉచిత పథకంలో ఐదుగురు వినియోగదారులు, ఒక్కొక్కరికి 5 జీబీ, ఒకే ఒక డొమైన్, 25 ఎంబీ వరకు అటాచ్‌మెంట్ ఉంటాయి. ముగ్గురికి పైకి చూస్తే సరిపోయినట్టే ఉంటుంది. అసలు హద్దు ఏమిటంటే, అందులో ఐమ్యాప్, పాప్ సదుపాయాలు లేవు. అంటే అవుట్‌లుక్‌లో గాని, థండర్‌బర్డ్‌లో గాని, ఫోన్‌తో వచ్చిన మెయిల్ యాప్‌లో గాని దాన్ని కలుపుకోలేరు. బ్రౌజర్‌లో గాని, జోహో సొంత యాప్‌లో గాని మాత్రమే తెరవాలి. మెయిళ్ల ప్రతిని మీ కంప్యూటర్లో దాచుకునే సులువైన దారి కూడా దానితోనే మూసుకుపోతుంది. లెక్కలు చూసే మీలాంటివారికి ఇది చిన్న విషయం కాదు. అందుచేత నా మట్టుకు జోహోలోనే అతి చిన్న చెల్లింపు పథకమైన మెయిల్ లైట్‌ను సూచిస్తాను. ఏడాదికి ఒకేసారి కడితే మన దేశంలో దాని ధర మనిషికి నెలకు వంద రూపాయల లోపే ఉంటుంది, ఐమ్యాప్ కూడా వస్తుంది. పైగా ఒకరికి ఎక్కువ స్థలం కావాలంటే వారికి మాత్రమే పెద్ద పథకం తీసుకుని, మిగిలిన ఇద్దరినీ చిన్నదానిలో ఉంచవచ్చు.

జోహో నమ్మదగినదేనా అని మీ పెద్దాయన అడిగితే, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఈమెయిల్ ఖాతాలు సుమారు 12 లక్షలు 2025 నాటికి ఆ వేదిక మీదకే మారాయని చెప్పవచ్చు. ప్రభుత్వం మారింది కాబట్టి మీరూ మారాలని నేను అనను. ఇంత పెద్ద భారాన్ని మోసే సేవ చిన్న కేంద్రం మెయిళ్లను మోయలేదేమో అన్న సందేహం మాత్రం అక్కర లేదు.


హనుమకొండ లెక్కలు — జవాబు

అమ్మా, పై జవాబులో మెయిల్‌బాక్సుల లెక్క సరిగ్గా ఉంది. నేను చిన్న వ్యాపారాల జీఎస్‌టీ పనులు చూస్తాను కాబట్టి ఆ వైపు నుంచి కొన్ని విషయాలు కలుపుతున్నాను, ఒకచోట విభేదిస్తున్నాను కూడా.

మీ కేంద్రం మామూలు పద్ధతిలో జీఎస్‌టీ కడుతున్నట్లయితే ఆ 18 శాతం మీకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టవలసిన పన్నులో తగ్గింపుగా తిరిగి వస్తుంది, కాబట్టి దాన్ని అసలు ఖర్చుగా చూడనవసరం లేదు. అయితే అందుకు ఖాతా తెరిచేటప్పుడే బిల్లింగ్ వివరాల్లో మీ జీఎస్‌టీఐఎన్ ఇవ్వాలి, ఇన్‌వాయిస్ సంస్థ పేరు మీదే రావాలి. చాలామంది ఎవరో ఒకరి సొంత కార్డుతో, సొంత పేరుతో కొనేసి తర్వాత ఆ ఇన్‌వాయిస్ మార్చమని తిరుగుతుంటారు. చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను మాత్రమే కట్టే కాంపొజిషన్ పథకంలో ఉన్నవారికి మాత్రం ఈ క్రెడిట్ రాదు, వారికి 6,372 అంటే పూర్తిగా 6,372 రూపాయల ఖర్చే. మీరు విదేశాలకు ఎగుమతి చేస్తున్నామన్నారు కాబట్టి కాంపొజిషన్‌లో ఉండే అవకాశం లేదనుకుంటాను.

విదేశీ సంస్థల సేవలు కొన్ని చూడడానికి చవకగా కనిపిస్తాయి. ఉదాహరణకు స్విట్జర్లాండ్‌కు చెందిన మిగాడు అనే సేవ మెయిల్‌బాక్సుల సంఖ్యను బట్టి కాకుండా వాడకాన్ని బట్టి ధర తీసుకుంటుంది. దాని అతి చిన్న పథకం ఏడాదికి 19 డాలర్లు, చిరునామాలు ఎన్ని పెట్టుకున్నా అదే ధర. కానీ ఆ పథకంలో రోజుకు పంపగలిగేవి 20 మెయిళ్లు, వచ్చేవి 200. కొటేషన్లు, డిజైన్లు, రవాణా కాగితాలు పంపే కేంద్రానికి 20 మెయిళ్లు మధ్యాహ్నానికే అయిపోతాయి. దానికి తోడు, భారత జీఎస్‌టీ వసూలు చేయని విదేశీ సంస్థ నుంచి సేవ తీసుకుంటే రివర్స్ చార్జ్ కింద ఆ 18 శాతాన్ని మీరే ప్రభుత్వానికి కట్టి, రిటర్నులో చూపాలి. కార్డు మీద విదేశీ మారక రుసుము ఎలాగూ ఉంటుంది. రూపాయల్లో బిల్లు ఇచ్చే సేవను ఎంచుకుంటే మీ లెక్కల పని సగం తగ్గుతుంది.

నేను విభేదించేది ఇక్కడ. 'లెక్కలు' అనే చిరునామాను ఎవరి పేరు మీదున్న మెయిల్‌బాక్సుకూ అలియాస్‌గా పెట్టకండి. దానికి విడిగా ఒక మెయిల్‌బాక్సు కొనండి, అంటే ముగ్గురికి నాలుగు. కారణం చెబుతాను. జీఎస్‌టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలను, పత్రాలను ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు భద్రపరచాలి. ఇప్పుడు కొనుగోలు ఆర్డర్లు, డెబిట్ నోట్లు, రవాణా కాగితాలు అన్నీ మెయిల్లోనే వస్తున్నాయి. రేపు ఉద్యోగి మానేస్తే ఖర్చు తగ్గుతుందని ఆ మెయిల్‌బాక్సును తీసేయడం సహజంగా జరుగుతుంది. గూగుల్‌లో తొలగించిన వినియోగదారు ఖాతాను 20 రోజుల లోపు, మైక్రోసాఫ్ట్‌లో 30 రోజుల లోపు మాత్రమే వెనక్కి తెచ్చుకోగలరు. ఆ గడువు దాటితే అందులోని పత్రాలు పోయినట్టే. మనిషి వచ్చినా పోయినా 'లెక్కలు' పెట్టె కదలకుండా ఉండాలి, దానికి అయ్యే ఒక్క మెయిల్‌బాక్సు ఖర్చు దండగ కాదు.

ఉచిత పథకాల గురించి ఒక మాట. గూగుల్ కూడా ఒకప్పుడు సొంత డొమైన్లకు ఉచితంగా ఈమెయిల్ ఇచ్చింది. 2012 డిసెంబరులో కొత్తవారికి దాన్ని ఆపేసింది, పాత ఉచిత ఖాతాలను కూడా చెల్లింపు పథకాల్లోకి మారుస్తామని 2022 జనవరిలో ప్రకటించింది. తర్వాత సొంత అవసరాలకు వాడుకునేవారిని మాత్రమే ఉచితంగా కొనసాగనిచ్చింది గాని వ్యాపారాలు డబ్బు కట్టక తప్పలేదు. జోహో ఉచిత పథకంలోనూ ఒకప్పుడు 25 మందికి అవకాశం ఉండేది, ఇప్పుడది ఐదుకు తగ్గింది. కాబట్టి ఉచితంగా మొదలుపెట్టినా, చెల్లింపు పథకానికి అయ్యే మొత్తాన్ని ఏడాది బడ్జెట్‌లో రాసి ఉంచుకోవడమే క్షేమం.


కరీంనగర్ సర్వర్ గది — జవాబు

నమస్కారం. మీ కొటేషన్లు స్పామ్‌లోకి ఎందుకు పోతున్నాయో ముందు చెబుతాను, ఎందుకంటే దానికి కారణం తెలియకుండా సేవ మార్చితే అదే ఇబ్బంది కొత్త చోట కూడా వెంటాడవచ్చు.

షేర్డ్ హోస్టింగ్‌లో వందల వెబ్‌సైట్లు ఒకే సర్వర్ మీద, చాలావరకు ఒకే ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో సర్వర్‌ను గుర్తించే సంఖ్య) మీద ఉంటాయి. ఆ వందలో ఏ ఒక్క సైటు హ్యాక్ అయి చెత్త మెయిళ్లు కుమ్మరించినా ఆ ఐపీ పరువు పోతుంది, ఊళ్లో ఒకరి అప్పుకు వాడ మొత్తానికి అరువు బంద్ అయినట్టు మీ ఉత్తరాలు కూడా ఆగిపోతాయి. ఎన్ని ఈమెయిళ్లయినా ఉచితం అని రాసేవారు నిజానికి మూడు చోట్ల హద్దు పెడతారు. గంటకు ఇన్ని మెయిళ్లే వెళ్లాలని ఒకటి, వెబ్‌సైట్ ఫైళ్లూ మెయిళ్లూ కలిపి ఇన్ని ఫైళ్లే ఉండాలని ఇంకొకటి, మొత్తం డిస్కు స్థలం మూడోది. ప్రతి మెయిలూ ఒక విడి ఫైలుగా లెక్కకు వస్తుంది కాబట్టి, స్థలం ఖాళీగా ఉన్నా ఫైళ్ల సంఖ్య నిండి మెయిల్ ఆగిపోవచ్చు. మెయిల్‌ను వెబ్‌సైట్ హోస్టింగ్ నుంచి విడదీయడమే దీనికి సరైన మందు. వెబ్‌సైట్ అక్కడే ఉండనివ్వండి, డొమైన్ డీఎన్‌ఎస్‌లో (డొమైన్ పేరు ఏ సర్వర్లకు దారి చూపాలో రాసి ఉండే పట్టికలో) ఎంఎక్స్ రికార్డులను, అంటే మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే వరుసలను మాత్రం మెయిల్ సేవ వైపు తిప్పండి. ఆ రెండూ ఒకే చోట ఉండాలన్న నియమం లేదు.

రెండో కారణం ధ్రువీకరణ, అంటే ఉత్తరం నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని నిరూపించడం. గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి నిబంధనలు బిగించాయి. జీమెయిల్‌కు మెయిల్ పంపే ప్రతి ఒక్కరికీ ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి ఉండాలి. రోజుకు 5,000 దాటి పంపేవారికి ఆ రెంటితో పాటు డీమార్క్ కూడా ఉండాలి. మైక్రోసాఫ్ట్ కూడా 2025 మే నుంచి తన అవుట్‌లుక్ చిరునామాలకు పెద్ద సంఖ్యలో పంపేవారి విషయంలో ఇదే బాట పట్టింది. మీరు రోజుకు యాభై పంపినా సరే, మూడూ పెట్టుకోండి. వీటికి డబ్బు అక్కర లేదు, డీఎన్‌ఎస్‌లో మూడు వరుసలు రాస్తే చాలు. ఎస్‌పీఎఫ్ అంటే మా డొమైన్ పేరుతో పంపే హక్కు ఈ సర్వర్లకే ఉందని చాటే జాబితా. డీకిమ్ అంటే ప్రతి ఉత్తరం మీదా పడే డిజిటల్ సంతకం. ఈ పరీక్షల్లో తప్పిన ఉత్తరాన్ని ఏం చేయాలో అందుకునేవారికి చెప్పేది డీమార్క్.

ఇక్కడ ఎక్కువమంది తడబడే చోటు ఒకటుంది. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. పాత హోస్టింగ్‌వారిది అలాగే ఉంచి కొత్త సేవది పక్కన ఇంకొకటి చేరిస్తే రెండూ చెల్లకుండా పోతాయి. వెబ్‌సైట్‌లోని విచారణ ఫారం హోస్టింగ్ నుంచే మెయిల్ పంపుతున్నట్లయితే రెంటినీ ఒకే రికార్డులో కలిపి రాయాలి. ఆ రికార్డు చదవడానికి చేయవలసిన డీఎన్‌ఎస్ విచారణలు పదికి మించకూడదని కూడా ప్రమాణంలో ఉంది, కాబట్టి వాడని సేవల పేర్లను తీసేయండి.

ఇక హద్దుల సంగతి. ఉచిత జీమెయిల్ నుంచి రోజుకు 500 వరకు, వర్క్‌స్పేస్ నుంచి ఒక్కో వినియోగదారు రోజుకు 2,000 మెయిళ్ల వరకు పంపవచ్చు. వర్క్‌స్పేస్‌లో కూడా ప్రయోగ గడువు నడుస్తున్నంత కాలం అది 500 మాత్రమే. హద్దు దాటితే ఆ ఖాతా నుంచి 24 గంటల వరకు పంపడం ఆగిపోవచ్చు, రావడం మాత్రం ఆగదు. మైక్రోసాఫ్ట్‌లో రోజుకు 10,000 మంది గ్రహీతలు, నిమిషానికి 30 మెయిళ్లు. జోహో గంటల లెక్కన హద్దు పెడుతుంది, అది పథకాన్ని బట్టీ ఖాతా నడవడిని బట్టీ మారుతుంది. రోజువారీ ఉత్తరాలకు ఈ అంకెలు ఎవరికీ అడ్డు రావు. అడ్డు వచ్చేది ఒకేసారి వందల మందికి పంపినప్పుడే.

మీకు నిజంగా తగిలే హద్దు అటాచ్‌మెంటుది. 25 ఎంబీ అని రాసి ఉన్నా 25 ఎంబీ ఫోటో వెళ్లదు. ఈమెయిల్ వ్యవస్థ పుట్టింది అక్షరాలను మోయడానికి. అందుకని ఫోటోలను, పీడీఎఫ్‌లను అక్షరాల రూపంలోకి మార్చి పంపుతారు. ఆ మార్పులో ప్రతి మూడు బైట్లూ నాలుగవుతాయి, అంటే ఫైలు మూడో వంతు పెరుగుతుంది. కాబట్టి మీ అసలు ఫైళ్లన్నీ కలిపి 18 ఎంబీ దాటకుండా చూసుకోండి. అవతలివారి సర్వర్ హద్దు ఇంకా తక్కువ కావచ్చు, అనేక పెద్ద కంపెనీలు 10 ఎంబీ దాటితే తిప్పి పంపుతాయి. ముద్రణకు పనికొచ్చే పెద్ద ఫోటోలను డ్రైవ్‌లో పెట్టి లింకు పంపి, మెయిల్లో చిన్న ఫోటో మాత్రమే జతచేయండి. దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఒకే డిజైన్‌ను ఇరవై మందికి జతచేసి పంపితే మీ 'పంపినవి' ఫోల్డర్లో ఆ ఫైలు ఇరవై సార్లు నిలుస్తుంది, 5 జీబీ పెట్టె నిండేది ఎక్కువగా ఇలాగే. పెట్టె నిండిన తర్వాత కొత్త మెయిళ్లు రావు, పంపినవారికి తిరిగిపోతాయి. ఒక ఆర్డరు అలా తిరిగిపోయినా మీకు తెలియదు.

సొంతంగా సర్వర్ పెట్టుకుంటే ఇవేవీ ఉండవని ఎవరైనా సలహా ఇస్తే మన్నించమని చెప్పండి. మెయిల్ సర్వర్ నడిపే పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ ఉచితమే, నేను ఇష్టపడే సాఫ్ట్‌వేర్లు కూడా. కానీ అమెజాన్, డిజిటల్ ఓషన్ వంటి క్లౌడ్ సంస్థలు మెయిల్ పంపే 25వ పోర్టును మొదటి నుంచే మూసి ఉంచుతాయి. అది తెరిపించుకున్నా ఐపీ పేరు నిలబెట్టడం, రివర్స్ డీఎన్‌ఎస్ సరిచూడటం, భద్రతా సవరణలు వేయడం ఒక మనిషికి శాశ్వతమైన పని. ముగ్గురి మెయిళ్ల కోసం ఆ బరువు తలకెత్తుకోవద్దు.


కొత్తవాడ జంపఖానా — ప్రశ్న కొనసాగింపు

మీ ముగ్గురికీ ఎంతో కృతజ్ఞతలు. నాలుగు మెయిల్‌బాక్సులు తీసుకోవాలని, అందులో 'లెక్కలు' విడిగా ఉండాలని మా పెద్దాయనకు చెప్పాను. లెక్క చూశాక ఒప్పుకున్నారు. మేము మామూలు జీఎస్‌టీ పద్ధతిలోనే ఉన్నాం.

ఇంకో రెండు సందేహాలు మిగిలాయి. మా డొమైన్‌ను వెబ్‌సైట్ చేసిచ్చిన వ్యక్తి తన ఖాతాలోనే కొన్నారు, డీఎన్‌ఎస్ మార్చాలంటే ప్రతిసారీ ఆయనకు ఫోన్ చేయాలి. దీనిని అలాగే ఉంచి ముందుకు పోవచ్చా? రెండోది, ప్రదర్శనల్లో మా స్టాలుకు వచ్చి వివరాలు ఇచ్చినవారి చిరునామాలు సుమారు 1,800 ఉన్నాయి. పండుగల ముందు కొత్త డిజైన్ల జాబితాను వాళ్లందరికీ పంపాలని అనుకుంటున్నాం. వర్క్‌స్పేస్‌లో 2,000 హద్దు ఉందన్నారు కదా, అది తీసుకుంటే ఒకే రోజు పంపేయవచ్చా?


కరీంనగర్ సర్వర్ గది — జవాబు

హద్దు లోపలే ఉన్నా ఆ పని మీ మామూలు మెయిల్‌బాక్సు నుంచి చేయవద్దు. జీమెయిల్ చూసేది సంఖ్య ఒక్కటే కాదు, అందుకున్నవారిలో ఎంతమంది స్పామ్ అని నొక్కారో కూడా చూస్తుంది. ఆ నిష్పత్తి 0.1 శాతం లోపు ఉండాలని, 0.3 శాతానికి ఎన్నడూ చేరకూడదని గూగుల్ చెబుతుంది. 1,800 మందిలో ఆరుగురు నొక్కితే 0.3 శాతం దాటినట్టే. ఎన్నడో ప్రదర్శనలో చిరునామా ఇచ్చి మరిచిపోయినవారిలో ఆరుగురు నొక్కడం పెద్ద విశేషం కాదు. అప్పుడు దెబ్బ తగిలేది మీ డొమైన్ పేరుకు. మరుసటి రోజు జర్మనీకి పంపవలసిన అసలు ఇన్‌వాయిస్ కూడా స్పామ్‌లో పడుతుంది.

ఇటువంటి ప్రకటనలకు విడిగా ఒక సబ్‌డొమైన్ (మీ డొమైన్ పేరు ముందు ఇంకో మాట చేర్చిన పేరు) పెట్టి, గుంపుగా పంపడానికే ఉన్న సేవ ద్వారా పంపండి. అమెజాన్ ఎస్‌ఈఎస్‌లో వెయ్యి మెయిళ్లకు 10 సెంట్లు మాత్రమే తీసుకుంటారు, ముంబైలో కూడా వారి కేంద్రం ఉంది. కొత్త ఖాతాకు మొదట రోజుకు 200 హద్దు, అది కూడా ముందుగా ధ్రువీకరించిన చిరునామాలకే ఉంటుంది. మీరు ఏం పంపుతున్నారో రాసి అడిగితే పెంచుతారు. దాన్ని నడపడానికి కొంత సాంకేతిక పరిచయం కావాలి, అది లేకపోతే జోహో క్యాంపెయిన్స్ వంటి సిద్ధమైన సేవ చూడండి. ఏదైనా సరే, జాబితా నుంచి తప్పుకునే లింకు స్పష్టంగా ఉండాలి, మొదటి విడతలో ఈ మధ్యకాలంలో కలిసినవారికి మాత్రమే పంపాలి. ఆ 1,800లో మీ నుంచి మెయిల్ వస్తుందని నిజంగా ఎదురుచూసేవారు మూడు వందల మంది ఉన్నా, మీ ఆర్డర్లు వచ్చేది ఆ మూడు వందల నుంచే.


హనుమకొండ లెక్కలు — జవాబు

అమ్మా, డొమైన్ విషయం ఒక్కరోజు కూడా వాయిదా వేయకండి. మెయిల్ సేవ ఎంత ఖరీదైనది కొన్నా, డొమైన్ ఎవరి ఖాతాలో ఉందో మీ ఉత్తరాలు చివరికి వారి చేతిలోనే ఉంటాయి. ఆయన మంచివారే కావచ్చు. ఆయన ఫోన్ మారినా, రెన్యువల్ గుర్తుచేసే మెయిల్ ఆయన పాత చిరునామాకు పోయినా, గడువు దాటిన రోజు నుంచి మీ వెబ్‌సైట్‌తో పాటు ఎనిమిది చిరునామాలూ ఒకేసారి ఆగిపోతాయి. సంస్థ పేరు మీద రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే, నమోదు చేసే సంస్థ) దగ్గర ఖాతా తెరిచి, ఆయనను మర్యాదగా అడిగి డొమైన్‌ను అందులోకి మార్పించుకోండి. ఆ ఖాతాకు ఇచ్చే సంప్రదింపు ఈమెయిల్ మాత్రం ఇదే డొమైన్ మీద ఉన్నది కాకూడదు. డొమైన్ ఆగిన రోజున దానిని తిరిగి తెరిపించే మెయిల్ కూడా చేరని పరిస్థితి వస్తుంది. మీ పాత జీమెయిల్ చిరునామాను ఈ ఒక్క పనికి అట్టిపెట్టుకోండి.

విదేశీ వ్యాపారం చేస్తున్నారు కాబట్టి ఇంకొకటి. ఎగుమతిదారుల మెయిల్‌లోకి చొరబడి, ఇన్‌వాయిస్‌లోని బ్యాంకు ఖాతా సంఖ్య మార్చి కొనుగోలుదారుకు పంపే మోసాలు చాలా జరుగుతున్నాయి. రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లోని కోడ్ వంటిది కూడా అడిగేది) అన్ని పథకాల్లోనూ ఉచితంగానే ఉంటుంది, నాలుగు మెయిల్‌బాక్సులకూ మొదటి రోజే పెట్టండి. మా బ్యాంకు ఖాతా మారిందని మెయిల్ వస్తే ఫోన్ చేసి నిర్ధారించుకోకుండా డబ్బు పంపవద్దని ప్రతి కొనుగోలుదారుకూ ముందే రాసి ఉంచండి. మన వైపు డబ్బు అలా పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి.


కాజీపేట జంక్షన్ — జవాబు

అక్కా, డొమైన్ మీ చేతికి వచ్చాకే మార్పు మొదలుపెట్టండి. క్రమం ఇలా ఉంటే ఒక్క ఉత్తరం కూడా పోదు. ముందుగా కొత్త సేవలో నాలుగు మెయిల్‌బాక్సులూ, అలియాసులూ, గ్రూపులూ సృష్టించి సిద్ధంగా ఉంచండి. డీఎన్‌ఎస్‌లో ఎంఎక్స్ రికార్డు టీటీఎల్ విలువను (ఇతర సర్వర్లు ఆ రికార్డును ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పేది) ముందు రోజే 300 సెకన్లకు తగ్గించండి, అప్పుడు మార్పు త్వరగా అందరికీ తెలుస్తుంది. శనివారం సాయంత్రం ఎంఎక్స్ మార్చి, ఎస్‌పీఎఫ్, డీకిమ్ రాయండి. డీమార్క్‌ను మొదట గమనించడానికి మాత్రమే, అంటే దేన్నీ ఆపకుండా పెట్టి, కొన్ని వారాలు నివేదికలు చూశాక గట్టిపరచండి. హోస్టింగ్‌లోని పాత మెయిల్‌బాక్సులను వెంటనే తీసేయకండి, ఆలస్యంగా వచ్చే ఉత్తరాలు కొన్నాళ్లు అక్కడ పడవచ్చు. పాత మెయిళ్లను ఐమ్యాప్ ద్వారా కొత్త పెట్టెలోకి తెచ్చుకునే సాధనం జోహో, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడింటిలోనూ ఉంది. పాత జీమెయిల్లో ఉన్న ఏళ్ల నాటి ఉత్తరాలను కూడా అదే దారిలో 'లెక్కలు' పెట్టెలోకి తేవచ్చు గాని, తెచ్చే ముందు వాటి మొత్తం సైజు చూడండి. అది మీరు తీసుకున్న చిన్న పథకం ఇచ్చే స్థలాన్ని దాటితే ఆ ఒక్క మెయిల్‌బాక్సుకు పెద్ద పథకం తీసుకుని, మిగిలిన మూడింటినీ చిన్న పథకంలోనే ఉంచండి.

మార్చిన తర్వాత ఒక జీమెయిల్ చిరునామాకు పరీక్షగా మెయిల్ పంపి, అక్కడ మూడు చుక్కల మెనూలో 'షో ఒరిజినల్' తెరిచి చూడండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి ఎదుటా 'పాస్' అని కనిపించాలి. ఏదైనా 'ఫెయిల్' అని వస్తే మీ డొమైన్ పేరు తీసేసి ఆ వరుసలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.